ముట్టు, మందు, మానవవాదము

తెలుగున స్త్రీల ఋతుధర్మమును దెలుపు మాటలను ఒకచోట జేర్చి చూచినచో నవి స్పష్టముగా రెండు తెగలుగా విడివడును. ముట్టు, అంటు, మైల, బహిష్టు, దూరము, కడగా నుండుట, బయట నుండుట - ఇవి యొక తెగ. ఋతువు, ఆర్తవము, నెలసరి - ఇవి మఱియొక తెగ. మొదటి తెగలోని మాటలు చాలవఱకు స్థలమును, స్పర్శను బట్టి పుట్టినవి. స్త్రీ యెక్కడ నుండవలెను, దేనిని తాకరాదు అను ప్రశ్నలకు సమాధానములుగా నేర్పడినవి. 'బహిష్టు' అనగా వెలుపల నున్నది యనియే యర్థము. తాకరాని దశకు తాకుట యను నర్థముగల 'ముట్టు' పేరగుట భాషాశాస్త్రజ్ఞులు గమనింపదగిన వింత. రెండవ తెగలోని మాటలు కాలమును బట్టి పుట్టినవి. వానికి దేహముతోడనే గాని యింటి గడపతో సంబంధము లేదు. ఈ రెండింటికి నడుమ 'కుసుమము' అను పూవు పేరును గలదు. నాటువైద్యులు తెల్లకుసుమ, ఎఱ్ఱకుసుమ యనుటలో నిలిచియున్నది యీ పదమే. జనులు తెల్లబట్ట, ఎఱ్ఱబట్ట యనియు నందురు.

ఈ విభాగము నిఘంటువుతో ముగియునది కాదని మా యభిప్రాయము. స్థలవాచకములు ఆచారమువి, కాలవాచకములు వైద్యమువి. ఆచారము స్త్రీని జూచి 'ఈమె యెక్కడ నున్నది?' అని యడుగును. వైద్యము 'ఏనాడు వచ్చినది, ఎన్నాళ్లున్నది, నొప్పి యెంత?' అని యడుగును. దైవమును, పరలోకమును, జన్మాంతరకర్మమును ప్రమాణముగా గ్రహింపక, ఈ లోకమునందలి మనుష్యుని సుఖదుఃఖములనే మంచిచెడ్డలకు కొలబద్దగా గైకొను దృష్టిని లౌకిక మానవవాద మందుము. పై రెండవ ప్రశ్నయందు ఆ దృష్టికి బీజమున్నదని చూపుటయే యీ వ్యాసమున మేము తలపెట్టిన పని. తెలుగునాట మానవవాదచరిత్ర సాధారణముగా సభల చరిత్రగను, దైవఖండన గ్రంథముల చరిత్రగను, కొందఱు పురుషుల జీవితచరిత్రగను వ్రాయబడుచు వచ్చినది. కషాయపు కుండకు అందు తావు దొరకలేదు.

తెలుగుదేశపు వైదికులలో అత్యధికులు కృష్ణయజుర్వేదమును అధ్యయనము చేయువారు. వారి తైత్తిరీయసంహితలో రెండు ఘట్టములు మన ప్రస్తావమునకు ముఖ్యములు. రెండవ కాండమున నింద్రుడు విశ్వరూపుని జంపి, ఆ బ్రహ్మహత్యాదోషమును మూడు భాగములుగా భూమికిని, వృక్షములకును, స్త్రీలకును పంచిపెట్టెనని కథ. స్త్రీల పాలికి వచ్చిన భాగమే రజస్సైనది. అనగా దేహమునందలి యొక మార్పు పరుని పాతకముగా వ్యాఖ్యానింపబడినది. అదే సంహిత యాఱవ కాండమున అశ్వినీదేవతలు వైద్యులై మనుష్యుల నడుమ సంచరించుటచే నపవిత్రులైరనియు, కావున బ్రాహ్మణుడు వైద్యము చేయరాదనియు గలదు. మనుస్మృతి వైద్యుని యన్నమును చీముతో సమానముగా జెప్పి, వానిని శ్రాద్ధమునకు పిలువరాదని విధించినది. రజస్వలను, వైద్యుని నొకే గ్రంథరాశి పంక్తిబాహ్యులను జేయుట యాదృచ్ఛికము కాదు. తాకగూడనిదానిని తాకక వైద్యము సాగదు. శౌచమునే పరమార్థముగా నెంచు వ్యవస్థకు వైద్యుడు నిత్యాపరాధి. ప్రాచీనభారతమున వైద్యశాస్త్రమే ప్రధానమైన లౌకికశాస్త్రమని, ధర్మశాస్త్రకారుల వైద్యద్వేషమునకు మూలమదియేనని దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ 1977లో వెలువరించిన ప్రాచీనభారత విజ్ఞాన సమాజముల గ్రంథమున వాదించెను. ఆయన రజస్వలా విషయమును ఆ వాదమున నిదర్శనముగా నిలుపలేదు. నిలిపియున్నచో వాదమునకు మఱింత బలము చేకూరెడిది.

చరకసంహిత సూత్రస్థానము పదునొకండవ యధ్యాయమున చికిత్స మూడు విధములని చెప్పబడినది: మంత్రము, బలి, ఉపవాసము, మణిధారణము మొదలగు వానితోడి దైవవ్యపాశ్రయము, ఆహారౌషధముల కూర్పుతోడి యుక్తివ్యపాశ్రయము, మనస్సును నిగ్రహించు సత్త్వావజయము. చికిత్సాస్థానము ముప్పదవ యధ్యాయమున యోనివ్యాపత్తులు ఇరువదియని లెక్కింపబడినవి. అందు 'ఉదావర్తిని' యను వ్యాధివర్ణన మిక్కిలి గమనింపదగినది. వాయువు పైకి తిరుగుటచే రజస్సు కష్టముతో వెలువడుననియు, అది వెలువడినంతనే యామెకు సుఖము కలుగుననియు నందున్నది. వాయువును గూర్చిన సిద్ధాంతమును నేడెవరును అంగీకరింప నవసరము లేదు. కాని 'వెలువడినంతనే సుఖము' అను వాక్యము స్త్రీని అడిగి తెలిసికొననిదే వ్రాయరాదు. ఆమె చెప్పగా నొకడు వినెను, విని వ్రాసెను. ఇంద్రుని పాతకముతో నాతనికి పని లేకపోయెను. సుశ్రుతుడును రజస్సు పండ్రెండవ యేట మొదలై యేబదవ యేట క్షయించుననియు, దోషరహితమైన యార్తవము కుందేటి నెత్తురువలెనో లక్కరసమువలెనో యుండి వస్త్రమునకు మఱక పట్టనీయదనియు జెప్పెను. ఇది బట్టను ఉతికి చూచినవారి జ్ఞానము. ఆ ఉతికినవారు ఎవరో సుశ్రుతుడు చెప్పలేదు.

ఇంతమాత్రమున ఆయుర్వేదమును మానవవాదపు తొలిగ్రంథమని కొనియాడుట తొందరపాటగును. ఆ సుశ్రుతుడే శారీరస్థానమున రజస్వల పగలు నిద్రించినచో బిడ్డ నిద్రాళు వగుననియు, కాటుక పెట్టుకొన్నచో గ్రుడ్డివాడగుననియు, గోళ్లు తీసికొన్నచో చెడుగోళ్లవాడగుననియు పెద్దపట్టిక యిచ్చినాడు. ఆచారము వైద్యుని గ్రంథములోనికి నడిచి వచ్చి, వైద్యుని భాషలోనే మాటలాడుచున్నది. రెండు ధోరణులు నొకే తాటియాకుపై నున్నవి. మన పని ఆ రెంటిని వేఱుపఱచి చదువుట.

ఈ మిశ్రమమునకు చక్కని యుదాహరణము పుష్యానుగచూర్ణము. చరకచికిత్స ముప్పదవ యధ్యాయముననే చెప్పబడిన యీ మందు ప్రదరమునకు, అనగా నధికస్రావమునకు, ప్రసిద్ధము. తేనెతో కలిపి తిని బియ్యపు కడుగునీరు త్రాగవలెను. దీని ద్రవ్యములను పుష్యమీనక్షత్రమున సేకరింపవలెనను నియమమువలన నాపేరు వచ్చినది. పేరు దైవమును పట్టుకొన్నది. యోగము మాత్రము యుక్తిని. ద్రవ్యములను చూడుడు. మారేడు, నేరేడుగింజ, మామిడిజీడి, బూరుగబంక, తెల్లమద్దిపట్ట, ఆరెపువ్వనబడు ధాతకి, తుంగముస్తలు, శొంఠి, మిరియాలు, లొద్దుగపట్ట, అతివస, కుంకుమపువ్వు మొదలైనవి. ఇందలి వగరుద్రవ్యముల సంఖ్యయే యీ కూర్పు వెనుకనున్న యాలోచనను తెలుపును. వగరు స్తంభించును, కావున ఆగని దానిని ఆపుటకు వగరు. ఊహ తప్పు కావచ్చును, ఒప్పు కావచ్చును. కాని పరీక్షకు నిలువగల యూహ. పాతకమును పరీక్షింపలేము.

ఈ పట్టికను చేతబట్టుకొని నిర్మల్ గుట్టలలోనికి పోయినచో సగము మందు దారిలోనే దొరకును. టేకుతోటి నీ యడవులలో మారేడు, నేరేడు, బూరుగ, మద్ది, ఇప్ప, మోదుగ విరివిగా గలవు. ధాతకి యెఱ్ఱని పూలతో పొదలుగా పెరుగును. నిర్మల్ బొమ్మలకు పొనికికఱ్ఱ నిచ్చిన యడవియే మందులనిచ్చుటలో నాశ్చర్యము లేదు. తక్కిన సగము అడవిది కాదు. అతివస హిమాలయములది, కుంకుమపువ్వు కాశ్మీరముది, ఇవి మూలికల దుకాణమున కొనవలసినవే. కాబట్టి శాస్త్రోక్తమైన యోగము పూర్తిగా బీదయింటికి చేరినదని తలంపరాదు. ఇంటి మందు వేఱు. వాము కషాయము, శొంఠితో బెల్లము, మెంతులు, జీలకఱ్ఱ, ఇంగువ, కడుపుపై వేడికాపడము, ఇవి నొప్పికి. ముట్టు నిలిచినపుడు నువ్వులు, బెల్లము, ఉలవకట్టు. వేడి చేయునవి, చలువ చేయునవి యను లెక్కయే వీనికి శాస్త్రము. వీనిని కాపాడినవారు తల్లులు, అమ్మమ్మలు, మంత్రసానులు. మంత్రసాని యను పేరునందు మంత్రమున్నను ఆమె చేతిలో నున్నది చాలవఱకు నూనెయు, పసరును.

ఒక చిత్రము. ఇంటిలో వస్తువుల నంటరాదని దూరముగా కూర్చుండబెట్టిన స్త్రీకే మందు కాచి యిచ్చు చేయియు నా యింటనే యున్నది. ఆమె పాత్రను వేఱుగా నుంచుదురు; ఆ పాత్రలోనే కషాయము పోయుదురు. ఆచారమును, దయయు నొకే గిన్నెలో కలిసియుండుట మన గృహజీవనపు స్వభావము. మానవవాదమును చర్చించువారు ఈ గిన్నెను తప్పించుకొని పోరాదు.

నిర్మల్ 1948 వఱకు నైజాము రాజ్యమున నుండెను. అచట యూనానీ వైద్యమునకు ప్రభుత్వాదరము మెండు. హకీముల పరిభాషలోను మేము పైన చెప్పిన రెండు తెగలు కనబడుట విశేషము. ఇస్లాము ధర్మశాస్త్రమున ఋతుస్రావమునకు 'హైజ్' అను పదము శౌచవిధులతో ముడివడి యున్నది. యూనానీ గ్రంథములం దెక్కువగా వాడబడునది 'తమ్స్'. కష్టార్తవమునకు ఉస్ర్-ఎ-తమ్స్, అధికస్రావమునకు కస్రత్-ఎ-తమ్స్ అందురు. అక్కడను వైద్యుడు తన మాటను వేఱుచేసికొన్నాడు. ఇక ప్రాణహిత కావలనున్న గఢ్‌చిరోలి ప్రాంతపు గోండు, మాడియా గ్రామములలో స్త్రీలు ఆ దినములలో నివసించుటకై ఊరివెలుపల 'కుర్మాఘర్' అను గుడిసె యుండుట ప్రసిద్ధము. స్థలవాచకము అచట గోడలు, కప్పు గల యిల్లైనది. వైదికకథ యెఱుగని సమాజములందును ఈ దూరమున్నదనుట గుర్తుంచుకొనవలెను. సర్వమును ఒక శాస్త్రముపై మోపుట చరిత్ర కాజాలదు.

తెలుగుదేశమున ఈ దూరమును ధిక్కరించినవారు మున్ను లేకపోలేదు. వీరశైవులు లింగధారికి జనన, మరణ, రజస్, ఉచ్ఛిష్ట, జాతి సూతకము లైదును లేవనిరి. పాల్కురికి సోమనాథుడు తెలంగాణమువాడే. కాని వీరశైవుల నిరాకరణము లౌకికము కాదు. మైల లేదనుటకు వారికి లింగము కావలసివచ్చెను. ఒక పవిత్రతను మఱియొక పవిత్రతతో గెలిచిరి. లింగము లేని స్త్రీకి ఆ విముక్తి లేదు. ఆమె కడుపునొప్పిని గూర్చి యా వాదము మాటలాడదు.

ఇరువదవ శతాబ్దమున నీ విషయమును బహిరంగముగా అచ్చుకెక్కించినది హేతువాదులు కాదు, ఒక మందుల వ్యాపారి. కె. ఎన్. కేసరి (1875-1953) ఒంగోలు ప్రాంతమున బీదయింట బుట్టి, బాల్యముననే చెన్నపట్టణము చేరి, ఆయుర్వేదమును నేర్చి 'కేసరి కుటీరము'ను స్థాపించెను. ఆయనకు సంపదను, పేరును తెచ్చినది 'లోధ్ర'. లొద్దుగచెట్టు సంస్కృతనామమే మందు పేరైనది. స్త్రీల గర్భాశయవ్యాధులకు, ఋతుదోషములకు దివ్యౌషధమని దానిని తెలుగు పత్రికలలో విశేషముగా ప్రకటించిరి. 1928లో ఆయన 'గృహలక్ష్మి' యను స్త్రీల మాసపత్రికను స్థాపించెను. రచయిత్రులకు స్వర్ణకంకణము బహూకరించు సంప్రదాయమును నెలకొల్పెను. ఔషధమున నార్జించిన ధనము ఈ విధముగా సాహిత్యమునకు చేరినది. తెలుగు రచయిత్రుల చరిత్రను వ్రాయువారు స్వర్ణకంకణమును తప్పక పేర్కొందురు. దాని వెనుకనున్న సీసాను పేర్కొనుటకు సంకోచింతురు. ఈ సంకోచమే మేము మొదట చెప్పిన మొదటి తెగ మాటల ప్రభావము.

కేసరి మానవవాది యని మేమనుట లేదు. ఆయన ఆస్తికుడు, సంప్రదాయజ్ఞుడు, వ్యాపారదక్షుడు. అయినను ఆ ప్రకటనలు చేసిన పనిని తక్కువగా నెంచరాదు. అంతవఱకు గుసగుసలలో నున్న నొప్పి పేరుతో సహా వీథిలోనికి వచ్చినది. అది దోషము కాదు, శకునము కాదు, కర్మఫలము కాదు, రోగము, దానికి వెల చెల్లించిన మందు గలదు. ఏ ప్రాయశ్చిత్తమును అడుగక తపాలా చిరునామా మాత్రమే యడుగు వ్యవస్థ యది. లౌకికత యనునది సిద్ధాంతముగా కంటె నీ విధముగా సరకుగా ముందు ప్రవేశించుట చరిత్రలో నరుదు కాదు. మందు గుణము మాట వేఱు. ప్రకటనలలోని యతిశయోక్తి మాట మఱియు వేఱు.

ఆ యతిశయోక్తికే 1954లో కళ్లెము పడెను. ఆ యేడు కేంద్రప్రభుత్వము చేసిన ఔషధముల, మాంత్రికచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టము మూడవ విభాగమున, స్త్రీల ఋతుదోషములను సరిచేయునను మందుల ప్రకటనలను నిషేధించినది. అదే చట్టము తాయెత్తులు, మంత్రములు, కవచములు మొదలగువానిని మాంత్రికచికిత్సలుగా నిర్వచించి వాని ప్రకటనలను గూడ నిషేధించినది. చరకుడు వేఱు చేసిన దైవవ్యపాశ్రయ యుక్తివ్యపాశ్రయములు ఇచట నొకే చట్టము క్రిందికి వచ్చినవి. వంచన నుండి స్త్రీని కాపాడుట చట్టముద్దేశము, అది న్యాయమే. కాని ఋతుదోషమును చట్టము ఏ పొరుగున నుంచినదో చూడవలెను. గర్భస్రావము, గర్భనిరోధము, భోగశక్తి - వీని సరసన. ముట్టు నిలుచుటకు మందనుట గర్భస్రావమునకు మాఱుపేరుగా వాడబడుచుండె నను ననుమానమే దీనికి కారణమై యుండునని మా యూహ. ఆ యనుమానము నిరాధారము కాదు. అయినను నొప్పితో బాధపడు స్త్రీ నొప్పికి, దాచుకొనవలసిన స్త్రీ యవసరమునకు భేదము చూపని వాక్యమది. కేసరి అంతకు ముందటి యేడే గతించెను.

ఇక తమను తాము మానవవాదులని, నాస్తికులని ప్రకటించుకొన్నవారిని చూతము. గోపరాజు రామచంద్రరావు, అనగా గోరా (1902-1975), వృక్షశాస్త్రమున పట్టభద్రుడై కళాశాలలలో ఆ శాస్త్రమును బోధించినవాడు. నాస్తికత్వము కారణముగా 1933లో కాకినాడ కళాశాలలో నుద్యోగమును గోల్పోయెను. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించి, 1947లో విజయవాడ పటమటకు దానిని తరలించెను. ఆయన సహధర్మచారిణి సరస్వతీ గోరా గర్భిణిగా నుండియు గ్రహణమును జూచెను. గర్భిణి చేష్టలవలన బిడ్డకు నంగవైకల్యము కలుగు నను నమ్మకమునకు అది ప్రత్యక్షసమాధానము. సుశ్రుతుని పట్టికలోని కాటుకకును, ఈ గ్రహణమునకును తర్కమొక్కటే. ఆమె తన దేహమునే పరీక్షాస్థలముగా జేసి యా తర్కమును త్రుంచినది. తెలుగు మానవవాదచరిత్రలో నిది యే మహాసభకును తీసిపోని ఘట్టమని మా నిశ్చయము.

తక్కినవారి దృష్టి వేఱు దిక్కున నుండెను. త్రిపురనేని రామస్వామి పౌరాణికకథలను తలక్రిందులు చేసెను, తెలుగున వివాహవిధిని రచించెను. ఆయన కుమారుడు గోపీచంద్ ఎమ్. ఎన్. రాయ్ ర్యాడికల్ డెమొక్రటిక్ పార్టీ ఆంధ్రశాఖకు కార్యదర్శిగా పనిచేసెను. 1948లో రాయ్ ఆ పార్టీని రద్దు చేసి నవ్యమానవవాదమును ఉద్యమముగా మార్చెను. స్వేచ్ఛ, హేతువు, నీతి యను నంశములపై నా యుద్యమము విలువైన చర్చలు జరిపినది. మనుష్యుడే కొలబద్ద యని వారనిరి. ఆ మనుష్యునికి నెలకు మూడునాళ్లు కడుపునొప్పి వచ్చునన్న సంగతి చర్చలలో తగిన స్థానమును పొందలేదు. ఆ పని వైద్యులు చేసిరి. కొమఱ్ఱాజు అచ్చమాంబ (1906-1964) విజయవాడలో వైద్యము చేయుచు ప్రసవమును, శిశుపోషణమును గూర్చి సామాన్యస్త్రీలకు తెలియు తెలుగున గ్రంథము వ్రాసినది. తరువాతి తరమున గోరా కుమారుడు డాక్టరు సమరము పత్రికలలో ప్రశ్నోత్తరముల రూపమున దేహవిషయములను దాపఱికము లేక వివరించెను. నాస్తికకుటుంబమునుండి ఋతుధర్మమును గూర్చిన విస్తృతమైన సమాధానము వచ్చినది తర్కగ్రంథముగా గాక వైద్యుని జాబుగా నగుట మా వాదమునకు అనుకూలమైన సాక్ష్యము. 1976లో రాజ్యాంగమున చేర్చబడిన 51ఎ అధికరణము శాస్త్రీయదృష్టిని, మానవవాదమును, జిజ్ఞాసను పౌరుని ధర్మములుగా నొకే వాక్యమున బేర్కొన్నది. ఆ మూడును ఒకచోట కలియుట కంతకంటె మునుపే మన వంటయిండ్లలో నవకాశముండెను.

అవకాశ మనుటలోనే పరిమితి యున్నది. మూలికను నమ్ముటయు నొక భక్తి కావచ్చును. అశోకారిష్టము భైషజ్యరత్నావళిలో స్త్రీరోగములకు చెప్పబడిన ప్రసిద్ధయోగము. అందు ప్రధానమైనది అశోకపట్ట. కాని మన వీథులలో, కళాశాలల ముంగిళ్లలో నిటారుగా పెరుగు 'అశోక' నిజమైన అశోకము కాదు, అది నరమామిడి. నిజమైన అశోకమునకు ఎఱ్ఱని పూగుత్తులుండును. అది నేడు అపాయస్థితిలోనున్న వృక్షముల జాబితాలో చేరినది. విపణిలో దానిపట్టకు బదులు నరమామిడి పట్ట కలియుట తఱచు. పేరును నమ్మి కాచి త్రాగువారికి దక్కునది పేరు మాత్రమే. వృక్షశాస్త్రజ్ఞుడొకడు నాస్తికుడగుటలో గల యౌచిత్యము మాకిచట స్ఫురించుచున్నది. చెట్టును ఆకుబట్టి, పూవుబట్టి గుర్తించుట నేర్చినవానికి పేరు ప్రమాణము కాదు.

నొప్పికి కారణమును గూర్చిన జ్ఞానమును మారినది. 1957లో పికిల్స్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఋతురక్తమున కండరములను సంకోచింపజేయు పదార్థమున్నదని ప్రకటించెను. అవి ప్రోస్టాగ్లాండినులని తరువాత తేలెను. వాని యుత్పత్తిని తగ్గించు ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు పలువురకు గుణమిచ్చుచున్నవి. మూలికల మాట యేమి? 2016లో కొక్రేన్ సంస్థవారు ఋతుశూలకు వాడు పోషకపదార్థములను, మూలికలను గూర్చి 3,101 మంది స్త్రీలపై జరిగిన 27 పరీక్షలను సమీక్షించిరి. గట్టి సాక్ష్యము దేనికిని లేదనిరి. అల్లము, మెంతులు మొదలగు కొన్నింటికి మాత్రము స్వల్పమైన, బలహీనమైన సాక్ష్యము గలదనిరి. అమ్మమ్మ శొంఠి పూర్తిగా నెగ్గనులేదు, ఓడనులేదు. అధికస్రావము విషయమున నింతటి యుపేక్షయు తగదు. రక్తహీనత, గర్భాశయమున గడ్డలు మున్నగునవి చూర్ణముతో మఱుగుపడి ముదురవచ్చును. కషాయము త్రాగించి వైద్యురాలి యొద్దకు పంపకుండుట దూరముగా కూర్చుండబెట్టుటకు మఱియొక రూపమే.

ఈ విషయమున పరిశోధనకు పూనుకొను విద్యార్థులకు ఒక సూచన. గృహలక్ష్మి మొదలగు పాతపత్రికలను గ్రంథాలయములలో సంపుటములుగా కుట్టించునపుడు అట్టలను, ప్రకటనల పుటలను తీసివేయుట చాలచోట్ల వాడుక. పద్యములు, కథలు నిలిచినవి, లోధ్ర పోయినది. ధర, మోతాదు, ఏయే బాధల పేర్లు ఏయే మాటలతో అచ్చైనవి, ముట్టు అనిరా, ఋతువు అనిరా, కుసుమ అనిరా, 1954కు పిమ్మట నా మాటలెట్లు మారినవి - ఇవన్నియు తేలవలెనన్నచో కుట్టింపబడని విడిసంచికలను, అట్టలతో సహా, ఇండ్లలోను పాతపుస్తకముల యంగళ్లలోను వెదకవలసి యున్నది.